సూర్యకిరణ దళము: పుట్టుక, ప్రయోజనము

(తిరుపతిలో ఒక పఠనాలయపు వార్షికసభయందు చేసిన ఉపన్యాసము)



క్రిందటి మాసమున ఈ పఠనాలయపు బల్లచుట్టు గూర్చుండి మనము పత్రికలు తిరుగవేయుచుండగా ఒక ఛాయాచిత్రము అందఱి కంట బడినది. తొమ్మిది విమానములు బాణపు ములికివలె బారుతీరి, వెనుక మూడురంగుల పొగ విడుచుచు పోవుచున్న చిత్రమది. దానిపై ఇరువురు మిత్రులకు వాదము పుట్టినది. పెద్దవారొకరు, “ఇది ఆకాశమున గడసాము. కోట్ల ధనము వ్యయము, ప్రాణములు పణము. యుద్ధమునకు అక్కఱకు రాని ఈ ఆట యెందులకు?” అనిరి. యువకుడొకడు, “ఇది జాతి ప్రతిష్ఠ. ప్రతిష్ఠకు పద్దులు వ్రాయరాదు” అని బదులు చెప్పెను. ఈ వాదమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని అధ్యక్షులవారు నన్నాజ్ఞాపించిరి. ఒక వస్తువు విలువ కట్టుటకు ముందు దాని పుట్టుక నెఱుగవలెను. కావున పుట్టుకతోనే ఆరంభించెదను.

ముందుగా గడసామునుగూర్చి ఒక మాట. మన చిత్తూరు సీమ పల్లెలలో పెరిగిన పెద్దలకు గడసాము తెలియనిది కాదు. వెదురుగడ చివర పొట్ట నానించి గిరగిర తిరుగు వానిని జూచి మనము చప్పట్లు కొట్టుదుము. కాని వానిని నిలుపునది గడ కాదు. క్రింద మోకులు బిగబట్టి నిలిచిన అన్నదమ్ముల చేతులే వానిని నిలుపుచున్నవి. తండ్రి కొడుకునకు ఏండ్ల తరబడి నేర్పిన విద్య వానిని నిలుపుచున్నది. చూపరులకు కనబడునది ఆట, కనబడనివాడు గురువు. కనుక మన పెద్దవారు నిందగా విసరిన మాటయే నాకు ఉపన్యాసమునకు త్రోవ చూపినది. నేటి నా ప్రసంగమంతయు ఆ కనబడని గురువును గూర్చియే.

రైటు సోదరులు తొలిసారి విమానమెక్కి ఎగిరినది 1903 డిసెంబరులో. పదియేండ్లు నిండకమునుపే, 1913 సెప్టెంబరులో, కీవ్ నగరమువద్ద రష్యా సైన్యమునకు చెందిన నెస్తెరోవ్ అను యువాధికారి తన విమానమును నిట్టనిలువుగా పైకెత్తి, తలక్రిందులుగా త్రిప్పి, పూర్తి చక్రము చుట్టించి క్షేమముగా నేలకు దించెను. ఇట్టి నిలువుచక్రము లోకమున అదియే మొదటిది. ప్రభుత్వపు సొత్తును అపాయమునకు గుఱిచేసెనని పై అధికారులు మొదట ఆయనకు నిర్బంధశిక్ష విధించిరి. కొలది దినములకే ఫ్రాన్సు దేశమున పెగూ అను వైమానికుడు అట్టి పనియే చేసి జగత్ప్రసిద్ధి గాంచగా, శిక్షించిన వారే నెస్తెరోవ్‌నకు పదోన్నతి నిచ్చిరి. ఆకాశమున విమానమునకు అన్నివైపుల ఆధారము కలదని నిరూపించుటయే ఆయన ఉద్దేశము. తలక్రిందులైనను సరిదిద్దుకొని రాగలనన్న ధైర్యము లేనివాడు గాలివానలో గాని, శత్రువు వెంటబడినపుడు గాని బ్రదుకజాలడు. విన్యాసవిద్య ఆటగా పుట్టలేదు. వైమానికునకు ఆత్మరక్షణముగా పుట్టినది.

తరువాత ఈ విద్య ఒంటరివాని చేతినుండి దళముల చేతికి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియగనే 1946లో అమెరికా నౌకాదళము ‘బ్లూ ఏంజెల్స్’ అను దళమును నెలకొల్పెను. యుద్ధము ముగిసినది గదా, ఇక నౌకాదళమునకు విమానము లెందులకని ప్రజలు మఱచిపోకుండుటకే ఆ యత్నము. ఇటలీవారు 1961లో తమ జాతీయదళమును ఏర్పఱచుకొనిరి. ఆంగ్లేయుల ‘రెడ్ యారోస్’ దళము 1965లో ప్రదర్శనలు మొదలిడెను. ఇందొక విశేషమును గమనింపుడు. ఆ రెడ్ యారోస్ వాడిన విమానము యుద్ధవిమానము కాదు. శిష్యులకు నేర్పుటకై నిర్మించిన నాట్ జాతి శిక్షణవిమానము. ఆ దళము పుట్టినది వైమానిక శిక్షకులకు శిక్షణ నిచ్చు పాఠశాలయందు. యుద్ధరంగము కాదు, బడియే దాని పుట్టినిల్లు.

ఇక మన దేశము. భారత వైమానికదళము 1932 అక్టోబరు 8వ తేదీన పుట్టినది. 1944లో, యుద్ధము జరుగుచుండగనే, యువకులను దళమువైపు ఆకర్షించుటకై ఊరూర తిరిగి ప్రదర్శన లిచ్చు చిన్న విభాగమొకటి ఏర్పడినది. పాలకులు పరాయివారు, ఎగిరినవారు మాత్రము మనవారు. స్వతంత్ర భారతమున పేరుగాంచిన దళము 1982లో, వైమానికదళపు స్వర్ణోత్సవ సందర్భమున, ‘థండర్‌బోల్ట్స్’ అను పేర వెలసినది. దాని విమానములు హంటర్ జాతివి. ఆంగ్లేయులు నిర్మించిన యుద్ధవిమానములు. ఆ దశాబ్ది గడచునప్పటికి ఆ దళము కాలము తీరెను. ఆపై కొన్ని సంవత్సరములు మన ఆకాశమున అట్టి జెట్టు విమానదళము లేకపోయెను.

1996 మే 27వ తేదీన సూర్యకిరణ దళము పుట్టినది. పుట్టినచోటు బీదరు. 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున మన తెలంగాణముతో కలిసియున్న ఊరది. నేడు కర్ణాటకమునకు చెందినది. మొదటి నాయకుడు వింగ్ కమాండర్ కుల్దీప్ మాలిక్. ఆ యేడే సెప్టెంబరు 15వ తేదీన కోయంబత్తూరున, అచ్చటి వైమానికదళ పరిపాలన కళాశాల స్వర్ణోత్సవమున, మొదటిసారి ప్రజలయెదుట ఎగిరినది. నాడు ఆఱు విమానములు. 1998 నాటికి తొమ్మిది. 2006లో దానికి పూర్తి స్క్వాడ్రన్ హోదా లభించి 52వ స్క్వాడ్రన్ అయినది.

సోదరులారా! ఈ దళమెక్కిన వాహనమేది? కిరణ్ విమానము. దీని కథను చిత్తూరు జిల్లావారు ప్రత్యేకించి వినదగును. ఏలయన అది మన పొరుగుననే పుట్టినది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అను స్వదేశ పారిశ్రామికుడు మైసూరు సంస్థానపు తోడ్పాటుతో బెంగుళూరున ఒక విమాన కర్మాగారమును స్థాపించెను. చిత్తూరున ప్రొద్దుటి బస్సెక్కినవారు మధ్యాహ్న భోజనమునకు చేరగల ఊరు బెంగుళూరు. ఆ కర్మాగారమే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్. అచ్చట డాక్టరు వి. ఎం. ఘాటగే నాయకత్వమున భారతీయ ఇంజనీర్లు రూపకల్పన చేసిన శిక్షణవిమానమే కిరణ్. 1964 సెప్టెంబరు 4వ తేదీన అది తొలిసారి ఎగిరెను. ఇంజను విదేశీయుల కల్పనయే, దాచనక్కఱలేదు. దేహము మాత్రము మనది. గురుశిష్యులు ప్రక్కప్రక్కన కూర్చుండునట్లు దానిని అమర్చిరి. శిష్యుని చేయి తడబడిన గురువు కంటితో చూడగలడు. చేయి చాచి సరిదిద్దగలడు. విమానము పేరు కిరణము, దళము పేరు సూర్యకిరణము. దళమున చేరువారు సామాన్యముగా శిక్షకులుగా అర్హత గాంచిన యుద్ధవైమానికులు. అనగా బడిపంతుళ్ళు బడిబండ్లనే తీసికొని ఆకాశమున కవాతు చేసిరన్నమాట. దళము పుట్టుకలోని రహస్యమిదియే.

ఈ కవాతు ఎంత కష్టమైనదో కొంచెము చెప్పవలెను. మన సూళ్ళూరుపేట ప్రక్కన నేలపట్టు చెరువునకు ఏటేట గూడబాతులు వచ్చును. అవి బారులుదీరి ఎగురుట చూచినవారు మీలో పలువురుందురు. ముందు పక్షి రెక్కలు లేపిన గాలి వెనుక పక్షికి ఊతమగును, శ్రమ తగ్గును. పక్షులకు బారు సుఖముకొఱకు. విన్యాసమాడు విమానములకు బారు కష్టముకొఱకు. ముందు విమానము వెనుక గాలి సుడులు తిరుగుచుండును. ఆ సుడిలో రెక్క చిక్కెనా, విమానము పొర్లిపోవును. ఆ సుడులను తప్పించుకొనుచు, అయిదు మీటర్లకు మించని ఎడమున, గంటకు కొన్నివందల కిలోమీటర్ల వేగమున పోవలెను. ప్రతివాడును నేలను గాని, ఆకాశమును గాని చూడడు. తన ప్రక్క విమానముపై ముందుగా నిర్ణయించుకొన్న గుఱుతులు సరిగా కలిసియున్నవో లేవో అదియే చూచుచుండును. పైన నేల, క్రింద ఆకాశమున్నను వానికి లెక్కలేదు. దిక్కు, ఎత్తు, వేగము అన్నియు నాయకుని బాధ్యత. నాయకుడు పొరబడినచో అందఱును పొరబడుదురు.

నిలువుచక్రపు అడుగునుండి విమానము పైకి లేచునపుడు వైమానికుని దేహము సహజభారమునకు నాలుగైదు రెట్లు బరువెక్కును. 60 కిలోల మనిషి 300 కిలోలు తూగినట్లుండును. నెత్తురు తలనుండి కాళ్ళకు దిగజారును. కన్నులు చీకట్లు క్రమ్మును. కడుపును కాళ్ళను బిగబట్టి, ఊపిరిని అదుపున నుంచుకొని, ఆ స్థితిలోనే చేతిని వెండ్రుకవాసి కదలింపవలెను. ఇట్టి విద్య ఒక్కమాఱుగా రాదు. మొదట రెండు విమానములు, పిమ్మట మూడు, నాలుగు. మొదట మిక్కిలి ఎత్తున, తరువాత క్రమక్రమముగా క్రిందికి. దిగిన తరువాత అందఱును కూర్చుండి ఎవరి తప్పు వారు ఒప్పుకొందురు. ఆ గదిలో చిన్నవాడు పెద్దవాని తప్పు చూపవచ్చును. మన పురపాలక సభలలో ఈ ఆచారమున్న ఎంత బాగుండును!

ఇక ఈ దళపు శీలమునకు పరీక్ష వచ్చిన ఘట్టమును వినుడు. దుండిగల్లున వైమానికదళ అకాడమి కలదు. 1971నుండి దేశపు వైమానికులకు అది విద్యాపీఠము. అచ్చట ప్రథమపాఠములు నేర్పుటకు హెచ్.పి.టి.-32 అను చిన్న విమానమును వాడుచుండిరి. 2009 జూలైలో మెదకు జిల్లాలో అట్టి విమానమొకటి కూలి ఇరువురు శిక్షకులు మరణించిరి. అంతకుముందును ఆ జాతి విమానములు ప్రమాదములకు గుఱియై యుండుటచే వానినన్నిటిని ఎగురకుండ నిలిపివేసిరి. శిష్యులున్నారు, గురువులున్నారు, విమానములు లేవు. కిరణ్ విమానములపై భారమంతయు పడినది. అప్పుడు సూర్యకిరణ దళమేమైనది? 2011 ఫిబ్రవరిలో బెంగుళూరు విమానప్రదర్శనమున ఎగిరి, ఆపై ప్రదర్శనలు చాలించినది. దాని విమానములు బడికి పోయినవి.

సోదరులారా! ఆ దళపు చరిత్రలో నాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టమిది. పదునైదేండ్లు ప్రజల చప్పట్లనందుకొన్న విమానములు రంగు వేసికొన్న నటునివలె రంగస్థలముననే నిలువగోరలేదు. బడికి అవసరము కలుగగానే బడిలో చేరినవి. బడినుండి పుట్టినది గనుక బడికి తిరిగి పోగలిగినది. “యుద్ధమునకు అక్కఱకు రాని ఆట” యన్న మన పెద్దవారికి ఇదియే నా ప్రత్యుత్తరము.

2015లో దళము మరల లేచినది. క్రమముగా తొమ్మిది విమానముల వ్యూహమునకు వచ్చినది. ఈసారి వాహనము హాక్. ఇదియు శిక్షణవిమానమే, బెంగుళూరున తయారైనదే. కాని రూపకల్పన ఆంగ్లేయులది. కిరణ్‌నకు వారసుడుగా మన ఇంజనీర్లు సంకల్పించిన సితార 2003లోనే తొలిసారి ఎగిరినను, ఆపై రెండు దశాబ్దములు గడచినను సేనలో చేరలేదు. 1964లో మనము సాధించినదానిని మఱల సాధించుటకు ఇంత జాగేల? జాతిప్రతిష్ఠను కీర్తించు యువకమిత్రుడు ఈ ప్రశ్నను తన్ను తాను వేసికొనవలెను. ఒక ఊఱట కలదు. 2003లో ఏర్పడిన సారంగ్ అను హెలికాప్టరు దళము ధ్రువ్ హెలికాప్టర్లపై ఎగిరినది. వాని రూపకల్పన మనవారిదే. సారంగమనగా నెమలి. ఆ నెమలి 2004లో సింగపూరున విదేశీయుల ముందు పురివిప్పినది.

ఇక ప్రాణముల మాట. దీనిని దాటవేయుట అధర్మము. 2006 మార్చిలో బీదరువద్ద అభ్యాసమున వింగ్ కమాండర్ ధీరజ్ భాటియా, స్క్వాడ్రన్ లీడర్ శైలేందర్ సింగ్ మరణించిరి. 2009 జనవరిలో ఆ బీదరు ప్రాంతముననే వింగ్ కమాండర్ ధాలీవాల్ కూలిపోయెను. 2019 ఫిబ్రవరి 19వ తేదీన బెంగుళూరు ఎలహంకవద్ద రెండు హాక్ విమానములు ఢీకొనగా వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ అసువులు బాసెను. మన తెలుగునేలపైనను ఇట్టి ఘోరము జరిగినది. నౌకాదళమునకు సాగర్ పవన్ అను విన్యాసదళముండెడిది. అదియు కిరణ్ విమానములదే. 2010 మార్చి 3వ తేదీన హైదరాబాదు బేగంపేట ప్రదర్శనమున దాని విమానమొకటి బోయినపల్లిలో ఇండ్లనడుమ కూలినది. కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ మరణించిరి. నేలపైనున్నవారికిని గాయములు తగిలినవి. అంతటితో ఆ దళము ముగిసినది.

విదేశములలో ఇంతకన్న దారుణములు కలవు. 1988 ఆగస్టులో జర్మనీలోని రామ్‌స్టీన్‌వద్ద ఇటలీదళపు విమానములు మూడు ఢీకొని, ఒకటి జనసమూహముపై బడగా 70 మంది మడిసిరి. దాని తరువాత అనేకదేశములవారు ప్రేక్షకుల దిశగా విన్యాసములు చేయుటను నిషేధించిరి.

ప్రమాదము ఆకాశమునుండియే రానక్కఱలేదు. 2024 అక్టోబరు 6వ తేదీన చెన్నపట్టణపు మెరీనాతీరమున వైమానిక ప్రదర్శన జరిగినది. లక్షలమంది చేరిరి. మన రేణిగుంటలో రైలెక్కి వెళ్ళినవారు ఈ సభలో నుండవచ్చును. పైన విమానములు వెండ్రుకవాసి తప్పక నడచినవి. క్రింద మండుటెండలో, నీరందని రద్దీలో, అయిదుగురు ప్రాణములు విడిచిరి. పైనివారి క్రమశిక్షణ క్రిందివారికి ఇంత లోపించుట మనకు సిగ్గు కాదా? తొమ్మిది విమానములకు త్రోవ నిర్ణయించిన దేశము లక్షలమందికి త్రోవ నిర్ణయింపలేదా? కుండెడు నీళ్ళు, గజము నీడ, ఇంటికి పోవుటకు బండి, ఇవి ఆకాశవిద్యలు కావు గదా!

కాబట్టి వాదులిరువురకును నా మనవి యిది. పెద్దవారు ఖర్చును, ప్రాణములను ప్రశ్నించుట న్యాయము. నిష్ప్రయోజనమనుట న్యాయము కాదు. యువకుడు ప్రతిష్ఠ యనుట నిజము. పద్దులు వ్రాయరాదనుట నిజము కాదు. ప్రతిష్ఠకే మొదట పద్దు వ్రాయవలెను. ఆ పద్దులో నేను నాలుగు లెక్కలు వ్రాయుదును. మొదటిది, బడి ముందు, ప్రదర్శన వెనుక. 2011లో జరిగిన త్యాగమే ఎల్లప్పుడును ధర్మముగా నుండవలెను. రెండవది, విన్యాసములు ఇండ్లపైన కాక నీటిపైనను, బయళ్ళపైనను సాగవలెను. 2024 డిసెంబరులో హైదరాబాదున హుస్సేనుసాగరమునొద్ద సూర్యకిరణ దళము ఎగిరినది. అట్లే ఎక్కడైనను విమానముల క్రింద నీరో బయలో ఉండునట్లు, జనము ఎడముగా నిలుచునట్లు చూడవలెను. మూడవది, చూడవచ్చిన ప్రజల ప్రాణము ఎగురువారి ప్రాణముతో సమానముగా నెంచబడవలెను. నాలుగవది, వాహనము మనదై యుండవలెను.

కడపట మన జిల్లామాట. 2014లో కలికిరియందు సైనిక పాఠశాల వెలసినది. అప్పుడది చిత్తూరు జిల్లా. నేడు అన్నమయ్య జిల్లా. జిల్లా పేరు మారినను పిల్లలు మనవారే. 2021నుండి దేశమందలి సైనిక పాఠశాలల తలుపులు బాలికలకును తెఱవబడినవి. 2016 జూన్‌లో ముగ్గురు యువతులు దుండిగల్లుననే మొట్టమొదటి మహిళా యుద్ధవైమానికులుగా పట్టము గైకొనిరి. కలికిరినుండి దుండిగల్లునకు, దుండిగల్లునుండి బీదరునకు త్రోవయున్నది. ఆ త్రోవ పొడవునను కావలసినవి గణితము, వ్యాయామము, క్రమశిక్షణ. ఈ మూడును మన ఊరి బడిలోనే మొదలగును. గణితపు పంతులు లేని ఉన్నతపాఠశాల మన మండలమున ఒక్కటియున్నను, అచ్చటి పిల్లలకు ఆ త్రోవ మొదటనే మూసివేయబడినట్లే. ఆకాశమున తొమ్మిది విమానములకు చప్పట్లు కొట్టువారు నేలపై ఆ ఒక్క పంతులుకొఱకు అర్జీ వ్రాయకుండుట ఏమి దేశభక్తి?

ఈ పఠనాలయము ఒక చిన్నపని చేయగలదు. సైనిక పాఠశాల ప్రవేశపరీక్షకు వలయు పుస్తకములను కొని ఈ బల్లపై నుంచుడు. వారమునకు రెండు సాయంకాలములు ఇచ్చట పిల్లలకు లెక్కలు చెప్పువారు ఇరువురు ముందుకు రండు. నేను లెక్కలలో పండితుడను కాను. దీపము వెలిగించి తలుపు తీయు పని నాకొప్పగింపుడు. సూర్యకిరణ దళము బడిలో పుట్టినదని ఇంతసేపు చెప్పితిని. ఆ బడికి మన ఊరినుండి ఒక్క బిడ్డనైనను పంపుట మన చేతిలోని పని. ఆ బిడ్డ ఎగిరిననాడు మన పెద్దవారును, యువకమిత్రుడును వాదము మాని ఒక్క చాపపై కూర్చుండి ఆకాశము చూతురని నా నమ్మకము.